వ్రాయబడని నవల



ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి 'మాలపల్లి' పేరు వినని తెలుగువా రరుదు. 1922లో వెలువడిన యా నవలను నాటి మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. దరిద్రుని దుఃఖమునకు విధి గాక సంఘమర్యాదయే హేతువని యందు చూపబడినది. పంతులుగారు నవల వ్రాసి యూరకుండలేదు. సతీమణి లక్ష్మీబాయమ్మగారితో గూడి గుంటూరున బాలికలకై శారదానికేతనమును స్థాపించిరి. కన్నీరు దెప్పించినవారే దానిని దుడువను బూనిరి.

అట్టి నవలకు దగిన బాలిక మన సీమయందును గలదు. ఆమె కథ విత్తనపు పత్తిచేనిలో నున్నది. 1970లో గుజరాతున సంకరపత్తి పుట్టెను. ఆ విత్తనము చేతిపనిచేతనే సిద్ధించును. మరునాడు విచ్చు మొగ్గల కేసరములను సాయంకాలమున గోటితో దీసివేయవలెను. ఉదయమున మగపూవు పుప్పొడిని వానికి రాయవలెను. పూవు పూవునకు వంగవలెను. మందు చల్లిన చేనిలో నిట్లు నెలల తరబడి సాగును.

1990 ప్రాంతమునుండి కర్నూలు, నంద్యాల ప్రాంతముల చేలలో వేలకొలది బాలికల నీ పనికి బెట్టిరి. లేతవ్రేళ్లకు నేర్పు హెచ్చనుట సాకు మాత్రమే. కూలి తక్కువ, బయానా కట్టుబాటు గట్టిది, ఇదియే నిజము. వాన తప్పిన యేట తండ్రి బయానా గొనును. కూతురు బడి మానును. విత్తనపు ధరను కంపెనీ నిర్ణయించును. రైతు తన కొరతను కూలిపై దించును. కడపటి బరువు బిడ్డ నడుముపై బడును. ఇందొక్కని దోషమని వ్రేలు చూపుటకు వీలులేదు. కావుననే యెవ్వరును సిగ్గుపడుట లేదు.

2004లో నారంభమైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములు బడి మానిన బిడ్డలకు వసతి నిచ్చి చదువు చెప్పుచున్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు నుచిత విద్యను హక్కుగా జేసెను. పదునాలుగు దాటిన పేదపిల్ల గతి యేమి? చేనో, పెండ్లిపీటయో యామెకై వేచియుండును.

పోషకులారా! మనలో బయానా లిచ్చువారు గలరు; పుచ్చుకొనువారును గలరు. ఇరువురి యెదుటను నా విన్నపము రెండు మాటలు. పదునెనిమిదేండ్లు నిండని పిల్ల కష్టముపై బయానా నియ్యకుడు, పుచ్చుకొనకుడు. ఈ సభకై పందిళ్లకును విందులకును వెచ్చించు ధనములో గొంత తీసి, పదవ తరగతి గడచిన పేదబాలికలకు వసతిగృహము నేర్పరుపుడు. అందు కులము నడుగకుడు.

నవలలోని బాలికకై కంట నీరు పెట్టుట సులభము. మన చేనిలోని బాలిక పేరు తెలిసికొని, ఆమెను బడికి బంపునప్పుడే యా కన్నీటికి సార్థకత కలుగును.