పుర్రె మీది అతుకులు

పుర్రె ఒకే ఎముక కాదు. కొన్ని ఎముకలు రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న చోట వంకరటింకర గీతలుంటాయి. అవే అతుకులు.

నుదుటి మధ్యలో నిలువుగా ఉండే అతుకు మామూలుగా రెండేళ్లలోపే పూడిపోతుంది. కొందరికి మాత్రం ముక్కు మొదలు నుంచి మాడు దాకా జీవితాంతం ఉండిపోతుంది. అది జబ్బేమీ కాదు. చిక్కల్లా, తలకు దెబ్బ తగిలినవారి ఎక్స్‌రేలో అది పగులులా కనబడటమే. అనుమానం వస్తే సీటీ స్కాన్ తీయాల్సిందే.

అసలు కష్టం చెవి వెనక ఉంది. అక్కడ మూడు అతుకులు కలిసే చోటును ఆస్టీరియాన్ అంటారు. చిన్నమెదడు పక్కనున్న గడ్డలు తీసేటప్పుడు ఎముకకు రంధ్రం ఎక్కడ పెట్టాలో సర్జన్లు దీన్నిబట్టి అంచనా వేస్తారు. ఆ చుట్టుపక్కలే, ఎముకకు లోపలి వైపున, మెదడు రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద సిర మలుపు తిరుగుతుంది. ఆస్టీరియాన్ కొందరిలో సరిగ్గా ఆ సిర మీదే ఉంటుంది, కొందరిలో పైకో కిందికో జరుగుతుంది. పైగా అతుకుల నడుమ చిన్న చిన్న అదనపు ఎముకలు కూడా ఉండొచ్చు. 17వ శతాబ్దపు డెన్మార్క్ వైద్యుడు ఓలే వోర్మ్ పేరు మీద వీటిని వోర్మియన్ ఎముకలంటారు. ఇవుంటే గుర్తు ఎక్కడుందో పోల్చుకోవడమే కష్టం. సిర చిరిగిందా, నెత్తురు ఆపడం సులువు కాదు. స్కాన్ చూడకుండా ఈ ఒక్క గుర్తునే నమ్ముకోవడం సాహసమే.

నుదుటి అతుకు పూడలేదని మీ స్కాన్‌లో ఎప్పుడైనా తేలితే, ఆ రిపోర్టు భద్రంగా దాచుకోండి. తలకు దెబ్బ తగిలితే డాక్టరుకు ముందుగా అదే చూపించండి.