చెట్టు నీడ – మన ఆరోగ్యం

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)



మీవాళ్లు లోపల వార్డులో ఉన్నారు. మీరు పొద్దుటి నుంచి ఈ వేపచెట్టు కిందే ఉన్నారు. సద్ది విప్పింది ఇక్కడే, కునుకు తీసింది ఇక్కడే, డాక్టరుగారు ఏం చెబుతారో అని ఎదురుచూసిందీ ఇక్కడే. బోధన్, వర్ని, రెంజల్ వైపు నుంచి వచ్చే ఇంతమందికి మేము గదులు ఇవ్వలేము. ఆ లోటు ఈ చెట్టే తీరుస్తోంది. అందుకే ఈ రోజు బీపీ, షుగరు సంగతి పక్కన పెట్టి దీని గురించి మాట్లాడతాను.

ఒకసారి పైకి చూడండి. గేటు వైపు ఉన్న పెద్ద కొమ్మ ఎండిపోయింది. బట్టలు ఆరేసుకోవడానికి ఎవరో దాని మొదట్లో ఇనుప తీగ చుట్టారు. కొమ్మ లావెక్కింది, తీగ మాత్రం సాగదు కదా. బెరడులోకి కోసుకుపోయింది. ఆ గాయం నుంచి కొమ్మ చెడింది. ఆకులు తయారుచేసే ఆహారం బెరడు లోపలి పొర గుండానే కిందికి దిగుతుంది. ఇదే తీగ చెట్టు మొదలుకు బిగిస్తే వేళ్లకు తిండి అందదు, చెట్టంతా పోతుంది. బట్టలకు నూలు తాడు కట్టుకోండి, వెళ్లేటప్పుడు విప్పి తీసుకెళ్లండి.

ఇంకో మాట. మొదట్లో మూడు రాళ్లు పెట్టి వంట చేస్తున్నారు. గంజి వేడివేడిగా అక్కడే వంపుతున్నారు. మిమ్మల్ని తప్పుపట్టను, రోగికి ఇంత గంజి కాచాలంటే ఎక్కడో ఒకచోట పొయ్యి పెట్టాలి. వంటకు గోడ అవతల జాగా ఉంది, అక్కడ పెట్టుకోండి. బెరడు ఒకసారి కాలితే అక్కడ చీడ పడుతుంది.

2021లో మన తెలంగాణలో వేపచెట్లు వరుసగా మాడిపోయినట్టు కనిపించాయి. గుర్తుందా? ఫోమాప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చిన తెగులు అది. కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వస్తుంది. చెట్టు చచ్చిందనుకుని గొడ్డలి తీసినవారున్నారు. ఓపికపట్టిన చోట చాలా చెట్లు మళ్లీ చిగురు వేశాయి. మన చెట్టు కూడా అలా బతికి బయటపడిందే.

చెట్టుకూ ఆసుపత్రికీ ఉన్న బంధం నీడతోనే అయిపోదు. మనకు దగ్గర్లోనే డిచ్‌పల్లి ఉంది. 1915లో అక్కడ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి మొదలైంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని ప్రారంభించారు. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చారు. ఆ రోజుల్లో ఆ రోగానికి ఉన్న మందు చాల్‌ముగ్రా నూనె. పడమటి కనుమల అడవుల్లో పెరిగే ఒక జాతి చెట్టు గింజల్లోంచి కూడా అటువంటి నూనె తీసేవారు. దాన్ని సూదితో ఎక్కించేవారు. నొప్పి ఎక్కువ, నెలల తరబడి వేయించుకోవాలి. కొందరికి గుణమిచ్చింది, అందరికీ ఇవ్వలేదు. అయినా ఊరి బయటికి నెట్టేసిన మనుషులకు ఆ గింజల నూనే ఆశ. తర్వాత డాప్సోన్ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిని సూచించింది. ఇప్పుడు కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే దాచుకోకండి.

ఇది ఎందుకు చెప్పానంటే, చెట్టు మందు కూడా మందే. దానికీ మోతాదు ఉంటుంది. దగ్గు తగ్గుతుందనో, పురుగులు పోతాయనో కొందరు పసిపిల్లలకు వేపనూనె తాగిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వాంతులు, మత్తు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. వేపపుల్లతో పళ్లు తోముకోండి, అభ్యంతరం లేదు. ఒక్క పుల్ల కోసం రెమ్మంతా విరచకండి.

ఊళ్లకు వెళ్లాక పొలం గట్ల మీది చెట్లను కూడా చూసుకోండి. శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఒకప్పుడు చెరకు నరికాక ఆకు తగలబెట్టేవారు. ఇప్పుడు వరి కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారు. ఆ మంట గట్టు మీది తుమ్మనూ, ఈతనూ, తాటినీ కాలుస్తుంది. పొగ ఉబ్బసం ఉన్నవాళ్లను మా దగ్గరికి తెస్తుంది. ఆ తర్వాత మే నెలలో కూలికి వెళ్లినవాళ్లు కూర్చోవడానికి గట్టు మీద నీడ ఉండదు. ఎండదెబ్బ తగిలినవాణ్ని మొదట చేర్చాల్సింది నీడకే. బట్టలు వదులుచేసి, ఒంటిని చల్లని నీళ్లతో తడిపి, విసరాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకుండా వెంటనే ఆసుపత్రికి తేవాలి.

ఎండిన కొమ్మను మావాళ్లు ఈ వారం కోసేస్తారు, ఆ రోజు కింద కూర్చోకండి. కుళాయి పక్కన చిన్న కానుగ మొక్క నాటాము. రెండు మూడు వేసవులు దాటేదాకా దానికి నీళ్లు పోయాలి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు దానికే పోయండి. సబ్బు నీళ్లు మాత్రం కాలువలోకే. బకెట్టు అక్కడే ఉంది.