చర్మపు కంతి – రక్తనాళాల జాడ
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఆసుపత్రి పరీక్షశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పదవీ విరమణ చేసినవాణ్ణి. చర్మ క్యాన్సరును కోసి తీసిన ముక్క మా బల్ల మీదికి వచ్చేది. దాని అంచున క్యాన్సరు కణాలు కనిపించాయంటే కొంత లోపలే మిగిలిందన్నమాట. చాలామందికి రెండోసారి కోత తప్పేది కాదు. ముక్కు పక్కనో, కనురెప్ప మీదనో అయితే ఎక్కువ కోయడానికీ లేదు, తక్కువ కోయడానికీ లేదు.

ఈ చిక్కుకు 1930లలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోజ్ ఒక దారి చూపారు. పొర తరువాత పొర తీసి, ప్రతి పొరనూ సూక్ష్మదర్శినితో పరీక్షించి, క్యాన్సరు మిగిలిన చోట మాత్రమే మళ్లీ కోస్తారు. మంచి పద్ధతే. కాని రోగి గంటల తరబడి వేచి ఉండాలి. కోతకు ముందే హద్దు కొంత తెలిస్తే ఎంత మేలు!

ఇక్కడే రక్తనాళాలు అక్కరకు వస్తాయి. కంతి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలని 1971లో జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. అలా పుట్టిన నాళాలు వంకరటింకరగా, క్రమం లేకుండా ఉంటాయి. వాటిని చూడడానికి 1991లో వెలుగులోకి వచ్చిన ఓ.సి.టి. పద్ధతి పనికివస్తోంది. కంటి డాక్టర్లు మనకు రెటీనా పరీక్ష చేసేది దీనితోనే. చర్మం మీదికి కాంతిని పంపి, తిరిగివచ్చిన కాంతితో వెంటవెంటనే చిత్రాలు తీస్తారు. కదలని భాగం అన్నిటిలోనూ ఒకేలా ఉంటుంది. రక్తం పారేచోట మారుతుంది. ఆ తేడాను కంప్యూటరు లెక్కగట్టి నాళాల పటం గీస్తుంది. సూది లేదు, రంగు మందు లేదు.

అయితే ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు దాటితే ఇది చూడలేదు. మామూలు వాపులోనూ నాళాలు పెరుగుతాయి. మత్తు సూదిలో అడ్రినలిన్ ఉంటే నాళాలు ముడుచుకుంటాయి. కనుక తుది తీర్పు నేటికీ సూక్ష్మదర్శినిదే.

మిత్రులారా, ఏ యంత్రమైనా మనం వెళ్లి చూపించుకున్నాకే పనికివస్తుంది. నెల దాటినా మానని పుండు, పాత కాలిన మచ్చలో లేచిన పుండు, అరికాలిలోనో గోరు కిందనో పెరుగుతున్న నల్లమచ్చ – వీటిని పసుపు రాసి ఊరుకోకండి. నొప్పి లేదు గదా అనుకోకండి. ఇది మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. ఈ రాత్రే ఇంట్లో ఒకరి అరికాళ్లు ఒకరు చూసుకోండి.