చిన్నాయన లేస్తే ఆరిపోయే మానిటర్

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడుతూనే చేస్తున్నాను. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే. 9,500 రూపాయల తప్పు. అది కూడా నా డబ్బు కాదు, మా చిన్నాయన డబ్బు.

టాపిక్ మానిటర్. పని చేసుకుంటూ ఉంటే స్క్రీన్ ఉన్నట్టుండి నల్లగా అయిపోతుంది. రెండు మూడు సెకన్లు. మళ్ళీ ఏమీ జరగనట్టు వచ్చేస్తుంది. ఇది మీలో చాలామందికి తెలిసిన బాధే అయి ఉంటుంది. పూర్తిగా పోతే ఒక గొడవ వదిలిపోతుంది, రిపేర్‌కి ఇస్తాం. ఇది పోదు, ఉండదు. ఎవరినైనా పిలిచి చూపిద్దామంటే ఆ టైమ్‌కి బుద్ధిగా వెలుగుతూ ఉంటుంది.

మా చిన్నాయనకి నంద్యాలలో డీటీపీ షాపు ఉంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు. ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్సే. మార్చమంటే ఒప్పుకోడు, నేను చెప్పడం కూడా మానేశాను. మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "రేయ్, స్క్రీన్ ఆరిపోతాంది రా, రోజుకి పది పదిహేను సార్లు. ఏం చెయ్యాల?" అన్నాడు.

నేను అప్పుడు ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. ఎన్నేళ్ళ మానిటర్ అని అడిగాను. ఏడేళ్ళు అన్నాడు. "అయితే లోపల కెపాసిటర్లు పోయి ఉంటాయి చిన్నాయనా, ఇంక దాన్ని పట్టుకుని వేలాడొద్దు, కొత్తది తీసుకో" అని చెప్పేశాను. నలభై సెకన్ల కాల్. అంతే.

ఆయన మర్నాడే వెళ్ళి కొత్తది కొన్నాడు. 9,500. పాతది అదే షాపులో ఎక్స్‌ఛేంజ్‌కి ఇస్తే 800 ఇచ్చారట. మూడో రోజు ఫోన్ వచ్చింది. ఈసారి చిన్నాయన కాదు, చిన్నమ్మ. "నాయనా, కొత్తది కూడా ఆరిపోతాంది. మీ చిన్నాయన నీకు చెప్పొద్దన్నాడు, బాధపడతావని."

ఆ మాటకి నేను నిజంగానే బాధపడ్డాను.

సరే, అక్కడ ఆగుదాం. ఆ నలభై సెకన్లలో నేను ఏం అడిగి ఉండాల్సిందో ముందు చెప్తాను. ఇవన్నీ మీ ఇంట్లో మీరే చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు.

మొదటిది, స్క్రీన్ నల్లబడినప్పుడు మానిటర్ కింద ఉండే చిన్న లైట్ చూడండి. అది పూర్తిగా ఆరిపోయి మళ్ళీ వెలిగితే, మానిటర్‌కి కరెంటే అందడం లేదు. అడాప్టర్, పవర్ వైరు, ప్లగ్ లూజు, లేదా లోపలి పవర్ బోర్డు. నేను కెపాసిటర్లు అని కొట్టి పారేసింది ఈ కేసు. పాత మానిటర్లలో ఇది నిజంగానే వస్తుంది, కెపాసిటర్ల తలలు ఉబ్బిపోయి ఉంటాయి. కానీ దయచేసి మీరు విప్పకండి, కరెంటు తీసేసినా లోపల ఛార్జ్ మిగిలి ఉంటుంది. లైట్ ఆరకుండా అలాగే ఉంటే, లేదా రంగు మారి నారింజలోకి వస్తే, కరెంటు అందుతోంది, చాలావరకు బొమ్మ అందడం లేదని అర్థం. చాలా మానిటర్లలో ఆ నారింజ రంగు అంటే "నాకు సిగ్నల్ రావడం లేదు, నేను పడుకుంటున్నా" అని.

రెండోది, నల్లబడగానే మానిటర్ మీద ఉన్న మెనూ బటన్ నొక్కండి. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అని వస్తుంది కదా, ఆ మెనూ. అది గానీ, "నో సిగ్నల్" అనే అక్షరాలు గానీ కనపడ్డాయనుకోండి, మానిటర్ చాలావరకు బాగున్నట్టే. ఆ అక్షరాలు కంప్యూటర్ పంపేవి కావు, మానిటర్ సొంతంగా గీసుకునేవి. తెర వెలుగుతోంది, కంప్యూటర్ నుంచి సరుకే రావడం లేదు. ఈ ఒక్క పరీక్ష చేయించి ఉంటే 9,500 మిగిలేవి.

నల్లబడ్డం రెండు సెకన్లు కాకుండా ఎక్కువ సేపు ఉంటే ఇంకోటి ఉంది. గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చ్ స్క్రీన్‌కి దగ్గరగా ఏటవాలుగా వేయండి. మసకగా మీ డెస్క్‌టాప్ కనపడితే వెనకాల బ్యాక్‌లైట్ పోయింది, బొమ్మ మాత్రం వస్తూనే ఉంది.

ఇంకో మాట. ఒక పాట పెట్టి పని చేసుకోండి. స్క్రీన్ నల్లబడినా పాట ఆగకపోతే కంప్యూటర్ హ్యాంగ్ కాలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే మా చిన్నాయన, ఆరిపోయిన ప్రతిసారీ హ్యాంగ్ అయ్యిందనుకుని రీస్టార్ట్ బటన్ నొక్కేవాడు. సేవ్ చేయని కార్డు డిజైన్ గోవిందా. ఒకసారి రెండు గంటలు కూర్చుని పేర్లన్నీ కొట్టిన పెళ్ళి కార్డు పోయింది. ఆ పార్టీ పక్క షాపుకి వెళ్ళిపోయింది. నిజానికి రెండు సెకన్లు చేతులు కట్టుకుని కూర్చుంటే సరిపోయేది.

సరే, కథలోకి వద్దాం. శనివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి బస్సెక్కి వెళ్ళాను. బ్యాగులో కేబుళ్ళు, ల్యాప్‌టాప్, నా ఇంజినీర్ పొగరు. షాపులో చిన్నాయన కుర్చీలో కూర్చుని రెండు గంటలు చూశాను. ఒక్కసారి కూడా పోలేదు! డ్రైవర్ అప్‌డేట్ చేశాను. ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూశాను. డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్ళీ లేస్తే విండోస్ అక్కడ 4101 అనే నంబర్‌తో రాసి పెడుతుంది. ఒక్కటీ లేదు. అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పు కాదనిపించింది. మరి ఏంటి?

చిన్నమ్మ టీ తెచ్చింది. పక్కన కూర్చుని కార్డులు మడత పెడుతూ మామూలుగా అంది. "మీ చిన్నాయన లేస్తానే పోతాది రా అది."

నేను నవ్వాను. నిజంగా నవ్వాను, ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే చిరాకు. "మనిషి లేస్తే మానిటర్ ఆరిపోవడమేంటి చిన్నమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. "లేచి చూడు" అంది.

లేచాను. స్క్రీన్ నల్లబడింది.

రెండు గంటలు ఎందుకు పోలేదో అప్పుడర్థమైంది. నేను ఆ రెండు గంటలూ కుర్చీలోంచి లేవలేదు!

తర్వాత ఇద్దరం పిచ్చివాళ్ళలాగా కూర్చుంటూ లేస్తూ లెక్క రాశాం. పది సార్లు లేస్తే ఆరు సార్లు పోయింది. ఆ కుర్చీ తీసేసి ప్లాస్టిక్ కుర్చీ వేసి ఇరవై సార్లు లేచాం. ఒక్కసారీ పోలేదు. షాపుకొచ్చిన ఒకాయన ఇదేం ఎక్సర్‌సైజు అని అడిగాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. మీరు పాలిస్టర్ చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడుతుంది కదా, అదే ఇది. ఆఫీసు కుర్చీ సీటు కింద పైకీ కిందకీ జరగడానికి గ్యాస్ నింపిన ఇనుప గొట్టం ఉంటుంది. మన ప్యాంటూ సీటు గుడ్డా రాసుకుని స్టాటిక్ ఛార్జ్ పోగవుతుంది. లేవగానే ఆ ఛార్జ్ కుర్చీలోని ఇనుప భాగాల మధ్య కంటికి కనపడని చిన్న స్పార్క్‌లాగా దూకుతుంది. స్పార్క్ అంటే రేడియో తరంగం. మెరుపు మెరిసినప్పుడు పాత రేడియోలో గరగరమని వినపడేది గుర్తుందా? అలాంటిదే, బుల్లి మెరుపు. దగ్గర్లో ఉన్న పొడుగాటి కేబుల్ దాన్ని యాంటెన్నాలాగా పట్టేస్తుంది.

మామూలు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్, 60 హెర్ట్జ్ అనుకుందాం. బొమ్మ వరకే లెక్కేసినా ఆ కేబుల్‌లో సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు పోతుంటాయి. మధ్యలో ఈ గరగర దూరితే మానిటర్ వరస తప్పుతుంది. వరస తప్పితే పిచ్చి బొమ్మ చూపించకుండా తెర నల్లగా చేసి, కంప్యూటర్‌తో మళ్ళీ మొదటినుంచి మాట కలుపుకుంటుంది. ఆ కలుపుకునే టైమే మీకు కనపడే రెండు మూడు సెకన్లు.

పాత వీజీఏ కేబుల్ అలా కాదు, అది అనలాగ్. అందులో గరగర వస్తే తెర మీద ఒక గీతో, చిన్న వణుకో వచ్చి పోయేది. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇక్కడే నేను అడగాల్సిన అసలు ప్రశ్న ఉంది. ఈ మధ్య ఏం మారింది? మా చిన్నాయన దసరాకి కొత్త సీపీయూ తీసుకున్నాడు. దానికి వీజీఏ లేదు. అందుకని 150 రూపాయలు పెట్టి అయిదు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్నాడు. కావాల్సింది మీటరున్నర. మిగిలింది చుట్ట చుట్టి ఎక్కడ పెట్టాడు? కుర్చీ పక్కన, కరెంటు వైర్లతో కలిపి. అదే దసరాకి నడుం నొప్పని కొత్త గ్యాస్ కుర్చీ కూడా తీసుకున్నాడు. అక్టోబర్‌లో గాలిలో తేమ ఉంది, స్టాటిక్ నిలవలేదు. డిసెంబర్ దాటి గాలి పొడిబారాక మొదలైంది.

ఇంకోటి కూడా దొరికింది, అది కాస్త భయపెట్టింది. వెనక కేబుల్ తీస్తూ సీపీయూ డబ్బా స్క్రూ మీద చెయ్యి వేస్తే జిల్లుమంది. "అది ఎప్పుడూ ఉండేదే లే" అన్నాడు చిన్నాయన. అలా ఉండకూడదండీ! సీపీయూ పవర్ సప్లైలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు కొంచెం కరెంటుని ఎర్త్‌లోకి వదులుతాయి. ఎర్త్ లేకపోతే అది డబ్బా మీదే ఉంటుంది, 230లో దాదాపు సగం వోల్టేజ్. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ లోపల వేరే ఏదైనా లీకైతే కాపాడేవాళ్ళు ఉండరు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే బోర్డు విప్పాడు. సాకెట్‌కి మూడు కన్నాలున్నాయి, మూడో కన్నానికి వైరే తగిలించలేదు. ఇది మాత్రం మీరు సొంతంగా చేయకండి, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మీ సీపీయూ జిల్లుమంటుంటే ఈ వారమే పిలవండి.

ఏం సరిచేశామంటే, నా బ్యాగులో ఉన్న మీటరున్నర కేబుల్ పెట్టాం. మంచి షీల్డ్ ఉన్నది, కొసన నల్లటి ఫెరైట్ ముద్ద ఉన్నది. మందంగా ఉంటుంది, అలాంటిది బయట 400, 500లో దొరుకుతుంది. దాన్ని కరెంటు వైర్లకి దూరంగా, టేబుల్ వెనకనుంచి తెచ్చాం. ఎర్త్ వేయించాం. అదే కుర్చీ మళ్ళీ వేసి ముప్పై సార్లు లేచాం. ఒక్కసారి పోయింది. ఒక్కసారి! అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత కుర్చీని సీపీయూ వైపు నుంచి ఒక అడుగు జరిపితే అది కూడా ఆగింది.

అందరిదీ కుర్చీయే అని నేను అనను. ఫ్యాను స్విచ్ వేసినప్పుడో, ఫ్రిజ్ మోటార్ ఆగినప్పుడో, ఇన్వర్టర్ మారినప్పుడో పోతుంటే అది కూడా ఈ జాతిదే. దేనితోనూ సంబంధం లేకుండా పోతుంటే, ముందు కేబుల్ రెండు వైపులా తీసి గట్టిగా పెట్టండి, తర్వాత వేరే కేబుల్, తర్వాత వేరే పోర్ట్. ఒక్కొక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే బాగవుతుంది గానీ ఏది పాడైందో తెలీదు. 4కె మానిటర్ వాళ్ళు, 144 హెర్ట్జ్ వాళ్ళు సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ తగ్గించి ఒక రోజు చూడండి. తగ్గించగానే ఆగిపోతే మీ కేబుల్‌కి అంత బరువు మోసే శక్తి లేదు. 4కె 60 హెర్ట్జ్‌కి 18 గిగాబిట్ల కేబుల్ కావాలి. పాతవి 10.2 దాకానే.

ఇంక పాత మానిటర్ సంగతి. వచ్చేముందు ఎక్స్‌ఛేంజ్ షాపుకి వెళ్ళాను. ఇంకా అమ్ముడుపోలేదు. 800కి తీసుకున్నది 1,400 చెప్పాడు, బేరం ఆడే మొహం నాకు లేదు, ఇచ్చేశాను. కొత్త మానిటర్ డబ్బులు నేనిస్తానంటే చిన్నాయన తీసుకోలేదు. ఫోన్‌పే చేస్తే ఐదు నిమిషాల్లో తిరిగి పంపాడు. ఇప్పుడు రెండు మానిటర్లూ పక్కపక్కనే ఉన్నాయి. పాతదాంట్లో చిన్నమ్మ ప్రూఫులు చూస్తోంది. మొన్న ఫోన్ చేస్తే ఒక కార్డులో ముహూర్తం టైమ్ తప్పు పట్టిందట. ప్రింటుకి వెళ్ళేముందే.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఎర్తింగ్ గురించే మాట్లాడదాం, ఎలక్ట్రీషియన్‌ని కూడా కూర్చోబెడతాను. అప్పటిదాకా ఉంటాను, నమస్తే.