నూటికి ఎందరు?

నా చిన్నతనంలో, రాజోలు ప్రాంతంలోని మా ఊరికి ఫైలేరియా పరీక్షవారు రాత్రిపూట వచ్చేవారు. భోజనాలు ముగిసి, అరుగుల మీద పక్కలు పరచుకొనే వేళకు చేతిదీపంతోను, సంచిలో గాజుపలకలతోను వచ్చి, ఇంటింటా వేలు గుచ్చి రక్తపు చుక్క తీసుకొని పోయేవారు. "పగలంతా ఏం చేస్తున్నారు బాబూ, నిద్రవేళకా రావడం?" అని మా మామ్మ విసుక్కొనేది. అప్పటికే ఆమె కుడికాలు మోకాలిదాకా వాచి బరువెక్కి ఉండేది. "ఆ పురుగు రాత్రి గాని నెత్తురులోకి రాదండి, మామ్మగారూ" అని ఆ వచ్చినాయన ఓపికగా జవాబు చెప్పినాడు. నాకది కట్టుకథలాగ తోచినది.

అది కట్టుకథ కాదు. బోదకాలును కలిగించే పురుగులు మన శరీరంలోని శోషరస నాళాలలో ఆరు నుండి ఎనిమిది సంవత్సరాలు బ్రతుకుతవి. వాటి పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, రాత్రి చర్మానికి దగ్గరగా వస్తవి. ఎందుకనగా, వాటిని మరొక మనిషికి చేర్చే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రివేళనే. మురుగునీటిలో పెరిగే ఆ దోమకు, కాలువలు, బోదెలు, గుంటలు నిండిన మన కోనసీమ ఎంత అనుకూలమో నేను వేరుగా చెప్పనక్కరలేదు. మన పొరుగున ఉన్న రాజమహేంద్రవరం ఈ వ్యాధి పరిశోధనకు, శిక్షణకు దేశంలోని ముఖ్యకేంద్రాలలో ఒకటి కావడానికి కారణం గోదావరి జిల్లాలలోని ఈ బాధయే.

ఇటీవలి సంవత్సరాలలో వైద్యంలో, జీవశాస్త్రంలో, భౌతికశాస్త్రంలో, గణితంలో వెలువడిన కొన్ని ఫలితాలను గురించి ఈనాడు ముచ్చటించదలచినాను. నాలుగు శాస్త్రాలను ఒక్క ప్రసంగంలో ఇమడ్చడం సాహసమే. కాని ఈ నాలుగింటిలోను పరిశోధకులు వేసుకొనే ప్రశ్న ఒకటున్నది: మనం కనుగొన్నామనుకొన్నది నిజమేనని ఎట్లా తెలుస్తుంది? ఎన్నిసార్లు చూస్తే, ఎందరిని చూస్తే నమ్మవచ్చును?

మొదట వైద్యం. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా పోతే భీమవరం వస్తుంది. 1895లో అక్కడ జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినప్పుడు, ఆయన బృందం బోదకాలు పురుగు మీద పనిచేసే డైఇథైల్ కార్బమజైన్ అను మందును 1947లో లోకానికి తెలియజేసినది. ఏడున్నర దశాబ్దాలు దాటినా ఆ మందు నేటికీ వాడుకలో ఉన్నది. అయితే అది పురుగు పిల్లలను రక్తంలోనుండి తొలగించినంత సులభంగా పెద్ద పురుగులను చంపలేదు. పెద్దవి మిగిలితే మళ్లీ పిల్లలు పుట్టుకొస్తవి. అందుకే ఏటేటా మాత్రలు మింగించవలసి వస్తున్నది.

ఈ మందుకు ఆల్బెండజోల్, ఐవర్మెక్టిన్ అను మరి రెండింటిని చేర్చి, మూడింటిని ఒక్కసారే ఇస్తే ఎట్లా ఉంటుందని పాపువా న్యూగినీ దేశంలో 182 మంది మీద పరీక్షించినారు. ఫలితం 2018లో ప్రకటితమైనది. ఒక సంవత్సరం గడచిన తరువాత చూస్తే, రెండు మందులను ఒకసారి తీసుకొన్నవారిలో నూటికి 32 మందికి మాత్రమే రక్తం శుభ్రంగా ఉన్నది. మూడు మందులను ఒకసారి తీసుకొన్నవారిలో నూటికి 96 మందికి శుభ్రంగా ఉన్నది. తేడా ఇంత పెద్దది కాబట్టి, గుణమున్నదని చెప్పడానికి 182 మంది చాలినారు.

కాని హాని లేదని చెప్పడానికి వారు చాలరు. వేయిమందిలో ఒక్కరికి మాత్రమే కలిగే కీడు ఏదైనా ఉంటే, అది 182 మందిలో అసలు కనిపించకనే పోవచ్చును. అందుచేత మన దేశంతో సహా అయిదు దేశాలలో 26,836 మందికి మందులిచ్చి గమనించినారు. మూడు మందుల పద్ధతి రెండు మందుల పద్ధతి వలెనే క్షేమకరమైనదని 2019లో తేల్చినారు. మన దేశంలో ఎంపికచేసిన జిల్లాలలో 2018 చివరి నుండి ఈ పద్ధతి ప్రవేశించినది.

గుణానికి వందలు చాలునని, క్షేమానికి వేలు కావలెనని ఎవరు చెప్పినారు? గణితం చెప్పినది. ఈ గణితానికి పునాదిరాళ్లు వేసినవారిలో ఒకరు తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా చేరి, 1945లో ఒక వ్యాసం ప్రకటించినారు. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానం వెదకడంలో పుట్టినదట ఆ వ్యాసంలోని ముఖ్యసూత్రం. దాదాపు ఎనిమిది దశాబ్దాల తరువాత, 2023లో, ఆ కృషికి గుర్తింపుగా సంఖ్యాశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనను వరించినది. ఆ యేడే ఆగస్టు 22న, నూటరెండేళ్ల వయసులో ఆయన కన్నుమూసినారు.

ఆ సూత్రాన్ని కొబ్బరితోటలో నిలబడి చెప్పుకొందాము. నాలుగువందల చెట్ల తోటలో చెట్టుకు సగటున ఎన్ని కాయలున్నవో తెలియవలెను. అన్ని చెట్లూ ఎక్కించే వ్యవధి లేదు. పది చెట్ల దింపు చూసి ఒక అంచనా వేస్తాము. అందులో కొంత తప్పు ఉండక తప్పదు. ఆ తప్పు సగానికి తగ్గవలెనంటే ఇరవై చెట్లు చాలవు, ఇంచుమించు నలభై చూడవలెను. చూసినది ఇంతైనప్పుడు, ఎంతటి మేధావి లెక్కకట్టినా తప్పు ఇంతకన్న తగ్గదని గీటు గీసి చూపినది రావుగారి సూత్రం. స్వీడన్ దేశపు క్రామెర్ కూడా విడిగా దీనిని చేరుకొన్నందున దీనికి క్రామెర్–రావు అసమానత అని పేరు వచ్చినది. మన తెలివికి గాక, మన సాక్ష్యానికి హద్దు ఎక్కడున్నదో చెప్పే సూత్రమిది.

ఈ హద్దును గమనించుకొంటూనే నేటి భౌతికశాస్త్రజ్ఞులు ఆకాశాన్ని వింటున్నారు. రెండు కృష్ణబిలాలు ఢీకొని ఒకటైనప్పుడు స్థలకాలాలలోనే ఒక అల పుడుతుంది. 2015 సెప్టెంబరు 14న అటువంటి గురుత్వ తరంగం మొదటిసారి అమెరికాలోని లైగో పరికరాలకు అందినది. నాలుగు కిలోమీటర్ల పొడవున్న వాటి బాహువులు ఆ అల తాకినప్పుడు మారిన కొలత ప్రోటాను వ్యాసంలో వెయ్యోవంతు మాత్రమే. దారిన పోయే లారీ కూడా ఇంతకన్న ఎక్కువ కదలిక పుట్టించగలదు. అందుకే మూడువేల కిలోమీటర్ల దూరంలో రెండు పరికరాలను ఉంచినారు. రెండూ ఒకే రాగాన్ని విన్నవి. ఇటువంటిది కేవలం కాకతాళీయంగా జరగవలెనంటే రెండులక్షల సంవత్సరాలకు ఒకసారైనా జరగదని లెక్క తేలిన పిమ్మటనే, అయిదు నెలలకు, లోకానికి చెప్పినారు.

కృష్ణబిలాలు కలిసినప్పుడు వాటి ఉపరితల వైశాల్యం మొత్తం మీద ఎన్నటికీ తగ్గదని స్టీఫెన్ హాకింగ్ 1971లో ప్రతిపాదించినారు. 2015 నాటి తరంగంతో దీనిని పరీక్షిస్తే నూటికి 95 వంతుల నమ్మకం మాత్రమే కుదిరినది. 2025 జనవరి 14న సుమారు మూడు రెట్లు స్పష్టమైన తరంగం అందినది. కలియకముందు రెండింటి వైశాల్యం సుమారు 2,40,000 చదరపు కిలోమీటర్లు. కలిసిన తరువాత సుమారు 4,00,000. ఈసారి నమ్మకం నూటికి 99.999 వంతులు. హాకింగ్ 2018లోనే మరణించినారు. తన మాట ఇంతగా ఋజువు కావడం ఆయన చూడలేదు. ఇటువంటి పరికరాన్నే మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నెలకొల్పడానికి కేంద్రప్రభుత్వం 2023లో ఆమోదం తెలిపినది.

ఆకాశం నుండి మన తోటలోకి వద్దాము. సర్పిలాకారపు తెల్లదోమ 2016లో మన దేశంలో మొదటిసారి తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కనబడి, తరువాత మన తోటలకూ వచ్చినది. మట్ట అడుగున తెల్లని చుట్లు చుట్టి రసం పీలుస్తుంది. అది విసర్జించే తేనెవంటి జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లని మసి పెరుగుతుంది. చూసిన రైతుకు గుండె జారి, చేతికి పురుగుమందు వస్తుంది. కాని పరిశోధకులు తోటలలో పరిశీలించి కనుగొన్నది వేరు. ఎన్కార్సియా అను అతిచిన్న పరాన్నజీవి ఈ తెల్లదోమ పిల్లలలో తన గుడ్లు పెట్టి వాటిని నశింపజేస్తున్నది. ఘాటైన మందు కొట్టితే ముందుగా నశించేది ఆ మిత్రమే. ఐసేరియా అను శిలీంధ్రం కూడా తెల్లదోమను అణచుతుంది. 1955 నుండి మన ప్రాంతానికి సేవ చేస్తున్న అంబాజీపేట పరిశోధన స్థానం ఈ మార్గాన్నే రైతులకు చూపుతున్నది. అయితే ఒక్క తోటలో ఓపిక పట్టితే చాలదు. గట్టుకు అవతలివాడు మందు కొట్టితే ఇవతలి మిత్రపురుగూ మిగలదు.

ఇక్కడనే శాస్త్రానికి, గృహస్థుకు మధ్య చిక్కు వస్తున్నది. శాస్త్రం నూటికి ఎందరని చూస్తుంది. మనం మన ఇంటిని చూసుకొంటాము. బోదకాలు మాత్రలు ఇచ్చిపోతే "నాకేం జబ్బు? నేను శుభ్రంగా ఉన్నాను" అని కిటికీలో పెట్టి మరచేవారిని నేనెరుగుదును. వారి కాలు శుభ్రంగానే ఉండవచ్చును. కాని వాపు లేకుండా, జ్వరం లేకుండా రక్తంలో పురుగును మోసేవారు అనేకులు. ఆ రక్తమే దోమ ద్వారా పక్కింటి పసివానికి చేరుతుంది. జనాభాలో నూటికి కనీసం 65 మంది మాత్రలు మింగితేనే ఈ వ్యాధి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. పంచినవి గాక, మింగినవే లెక్కకు వస్తవి. మన దేశం 2027 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించవలెనని సంకల్పించినది.

కాబట్టి మాత్రల కార్యక్రమం జరిగే చోట, ఆరోగ్య కార్యకర్త ఎదుటనే, కడుపు ఖాళీగా లేనప్పుడు వాటిని మింగండి. గర్భిణులకు, రెండేళ్లలోపు పసిబిడ్డలకు, తీవ్రవ్యాధితో ఉన్నవారికి ఇవి ఇవ్వరు. మింగినవారిలో కొందరికి కొద్దిపాటి జ్వరం, తలనొప్పి రావచ్చును. రక్తంలోని పురుగులు చచ్చేటప్పుడు కలిగే వికారమది. సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది. ఇదివరకే వాచిన కాలును మాత్రలు మునుపటి స్థితికి తేలేవు. కాని దినమూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, పుండు పడకుండా చూసుకొంటే జ్వరాలు తగ్గి బాధ నెమ్మదిస్తుంది. మా మామ్మకు ఆ సంగతి చివరిరోజులలో గాని తెలియలేదు.

ఆ రాత్రి ఆమె గొణుగుతూనే వేలు చాచింది. ఆ రక్తపు చుక్క వలన ఆమెకు ఒరిగినది ఏమీ లేదు. కాని అటువంటి చుక్కలను గాజుపలకల మీద లెక్కించియే, నూటికి ఎందరిలో పురుగున్నదో చూసి, ఏ ప్రాంతానికి మాత్రలు అవసరమో నిర్ణయించినారు. ఆమె ఆ లెక్కలో ఒక అంకె. మన వంతు వచ్చినప్పుడు మనమూ ఆ లెక్కలో చేరవలసి ఉన్నది.