రెండో గొడుగు మీద సంతకం

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు కరువు భృతి బకాయిల మీదో, హెల్త్ కార్డుల మీదో మాట్లాడతాననుకున్నారట. వాటి మీద నాకన్నా బాగా మాట్లాడేవారు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను విమానంలోంచి దూకేవాళ్ల గురించి మాట్లాడతాను. నవ్వకండి. ముప్పై నాలుగేళ్లు ఖజానా కార్యాలయంలో బిల్లులు చూసిన గుమాస్తాకు దీంతో పనేమిటంటే, మా రెండోవాడు అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఉంటాడు. శని, ఆదివారాలు వాడి వ్యాపకం ఇదే. ఇప్పటికి 900 పైచిలుకు జంపులు చేశాడు. అక్కడ శనివారం పగలంటే మనకు శనివారం రాత్రి. ఏడెనిమిదేళ్లుగా మా ఇంట్లో శనివారం రాత్రి నిద్ర అంతంతమాత్రమే. "నాన్నా, దిగాను" అని ఫోన్‌లో ఒక ముక్క వస్తేగాని మా ఇంటావిడ దీపం ఆర్పదు.

నిరుడు మేమిద్దరం వాడి దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చాం. వారం వారం ఆ మైదానానికి వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. అక్కడ చూసినది, అడిగి తెలుసుకున్నది మనవి చేస్తాను.

పారాచూట్ అనగానే మన కళ్ల ముందు గుండ్రటి గొడుగు కనిపిస్తుంది. 1797లో పారిస్‌లో గార్నెరిన్ అనే ఆయన బెలూన్ నుంచి దిగింది అలాంటి దానితోనే. ఇప్పుడు సరదాకు దూకేవాళ్లు వాడేది అది కాదు. పరుపులా పలకగా ఉంటుంది. ముందువైపు నోళ్లుంటాయి, వాటిలోంచి గాలి దూరి ఉబ్బి రెక్కలా తయారవుతుంది. దీనికి మూలం డొమినా జాల్బర్ట్ అనే గాలిపటాల నిపుణుడు 1960లలో చేసిన రూపకల్పన. రెక్క కనుక ఊరికే కిందికి దిగదు, ముందుకు పోతుంది, మలుపు తిరుగుతుంది. దీని సుఖమూ, దీని ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి. ఆ ప్రమాదం సంగతికి తర్వాత వస్తాను.

వీపుకు కట్టుకునే సంచిలో గొడుగులు రెండు. కింద పెద్దది, పైన అత్యవసరానికి రెండోది. పెద్దదాన్ని మడత పెట్టుకోవడం ఎవరికి వారు చేసుకుంటారు. తివాచీ మీద పరచి, తాళ్లు సరిచూసి, మోకాళ్లతో గాలి నొక్కి మడుస్తుంటే మన ఇళ్లలో పరుపుల బొంతలు చుట్టినట్టే ఉంటుంది. కాని రెండోదాన్ని ఎవరు పడితే వారు ముట్టుకోకూడదు. దానికి ప్రభుత్వ లైసెన్సు ఉన్న మనిషి ఉంటాడు, రిగ్గర్ అంటారు. అతను విప్పి, ప్రతి కుట్టూ చూసి, మళ్లీ మడిచి, దారం కట్టి, తన గుర్తు ఉన్న సీలు వేస్తాడు. ఒక చిన్న కార్డు మీద తేదీ, స్థలం, చేసిన పని, తన లైసెన్సు నంబరు రాసి సంతకం పెడతాడు. ఆ కార్డు సంచి జేబులోనే ఉంటుంది. ఆ దేశపు నిబంధన ప్రకారం 180 రోజులు దాటితే, వాడినా వాడకపోయినా, మళ్లీ విప్పి మడిచి సంతకం పెట్టాలి. 2008కి ముందు 120 రోజులే ఉండేదట.

మా వాడు ఆ కార్డు తీసి చూపించినప్పుడు నాకు ఈ ఆట మీద మొదటిసారి గౌరవం కలిగింది. మన సర్వీసు రిజిస్టరు కన్నా శుభ్రంగా ఉంది. కొట్టివేతలు లేవు, వెనక తేదీ వేసి పెట్టిన సంతకాలు లేవు. ఏ సంతకం ఎందుకు పెడుతున్నామో తెలియకుండా పెట్టినవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. ఇక్కడ సంతకం పెట్టిన మనిషికి, ఆ గొడుగు కట్టుకునే మనిషి ఎదురుగానే ఉంటాడు.

పరికరాల్లో మరో రెండింటి గురించి చెప్పాలి. మొదటిది భుజాల దగ్గర ఉండే మూడు ఉంగరాల అమరిక. పెద్ద గొడుగు సరిగా విచ్చుకోకపోతే దాన్ని వదిలించుకోవాలి, లేకపోతే రెండోది దానికి చుట్టుకుంటుంది. బిల్ బూత్ అనే అమెరికా దేశస్థుడు 1970లలో ఈ మూడు ఉంగరాల పద్ధతి కనిపెట్టాడు. ఒకదానిలోంచి ఒకటి దూరి, బరువు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక సన్నని తాడు ఉచ్చు మీదికి వస్తుంది. కుడిచేతి పిడి లాగితే ఆ ఉచ్చు వదులై మనిషంత బరువు క్షణంలో తెగిపోతుంది. ఎడమచేతి పిడి రెండో గొడుగుది. కుడి, ఆ తర్వాత ఎడమ. ఈ రెండు మాటలూ వాళ్లు నిద్రలో కూడా మరచిపోరు.

రెండోది ఒక చిన్న యంత్రం. 1991లో జర్మనీలో హెల్ముట్ క్లోత్ తయారుచేసిన సైప్రస్ అనేది వచ్చాక ఇది బాగా వాడుకలోకి వచ్చింది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు, వేగం లెక్క కట్టుకుంటూ ఉంటుంది. నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తులో కూడా మనిషి ఇంకా రాయిలా పడుతూనే ఉంటే, రెండో గొడుగు సంచిని మూసి ఉంచే ఉచ్చును తనే కత్తిరిస్తుంది. దూకినవాడు స్పృహ తప్పినా సరే. కొత్తగా నేర్చుకునేవారికి, జంటగా దూకేవారికి ఇది ఉండి తీరాలి. లైసెన్సున్న వాడికి చట్టం బలవంతం లేదు. "ఆ యంత్రం ఉందని దూకేవాడు దూకకూడదు నాన్నా, అది లేకపోయినా దూకగలిగినవాడే దాన్ని పెట్టుకోవాలి" అన్నాడు మా వాడు. వాడు మాత్రం పెట్టుకుంటాడు. అది విని మా ఇంటావిడ ఆ యంత్రానికి బొట్టు పెడతానంది. పెట్టనివ్వలేదనుకోండి.

ఇక అక్కడి దినచర్య. పొద్దున ఏడింటికల్లా చేరతారు. గాలి ఎక్కువుంటే కూర్చుంటారు, మబ్బు పడితే కూర్చుంటారు. అనుభవం ఉన్నవాళ్లు కూర్చున్నంత ఓపికగా కొత్తవాళ్లు కూర్చోరు. కట్టుకునే ముందు ఒకసారి, విమానం ఎక్కే ముందు ఒకసారి, దూకే ముందు ఒకసారి, మొత్తం మూడుసార్లు సామాను సరిచూసుకుంటారు. తన వీపు తనకు కనపడదు గనుక పక్కవాడు చూస్తాడు. వెయ్యి జంపులు చేసినవాడైనా పాతిక జంపులవాడికి వీపు తిప్పి "చూడు" అంటాడు. 13,000 అడుగుల పైన దూకితే గొడుగు విప్పే లోపు దాదాపు ఒక నిమిషం, గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పడతారు. నేను కింద నుంచి చూస్తే చీమలు కూడా కనపడవు, ఉన్నట్టుండి ఆకాశంలో రంగు గుడ్డలు పూస్తాయి. పూసినవి లెక్కపెట్టడం నా పని. ఎక్కినవి పద్నాలుగైతే దిగినవి పద్నాలుగు ఉండాలి. అలవాటైన లెక్కే కదా, రోజు చివర బాలెన్సు సరిపోవాలి.

నాలుగేళ్ల కిందట ఒక శనివారం ఆ ఫోన్ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. "నిన్న కొంచెం ఆలస్యమైంది" అన్నాడంతే. అసలు సంగతి వాడు మాకు చెప్పింది నిరుడు, మేం అక్కడ ఉన్నప్పుడు. పెద్ద గొడుగు విచ్చుకుంటూ తాళ్లు మెలిపడి ఒక పక్కకు గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కాళ్లు తన్ని మెలిక విప్పడానికి చూశాడు. విప్పలేకపోయాడు. చేతి మీటరు చూస్తే 2,600 అడుగులు. వాడిలాంటి లైసెన్సు వాళ్లు 1,800 అడుగులకు ముందే నిర్ణయం తీసుకోవాలన్నది అక్కడి సంఘం చెప్పిన హద్దు. వాడు హద్దు దాకా ఆగలేదు. కుడి, ఎడమ. రెండోది తెరుచుకుంది. ఆవులు మేసే ఒక బీడులో దిగాడు. వదిలేసిన గొడుగును వెతుక్కోవడానికి సాయంత్రం దాకా పట్టింది. ఫోన్ రాకపోవడానికి కారణం అదీ.

ఆ రెండో గొడుగు కార్డు మీద నాలుగు నెలల కిందటి సంతకం ఉంది. ప్రాణం కాపాడిన రిగ్గర్‌కు ఒక సీసా మద్యం ఇవ్వడం వాళ్ల ఆచారమట. మా వాడు తాగడు గాని సీసా కొనిచ్చాడు. మన ఆఫీసుల్లో పనైపోయాక కాఫీ ఇప్పించేవాళ్లు, గుర్తుందా? ఆ కాఫీకి ఈ సీసాకు ఎంతో తేడా ఉందని మా ఇంటావిడ అంది. నేను ఆ రిగ్గర్‌ను చూశాను. నా వయసువాడే, కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంటుంది. నేను చేతులు జోడిస్తే ఆయన తలెత్తి నవ్వి మళ్లీ కుట్టు మీదికి వంగాడు.

ఇప్పుడు ప్రమాదం సంగతి. అమెరికాలో 1970లలో ఏటా సగటున నలభైకి పైగా చనిపోయేవారు. 2023లో సుమారు 36 లక్షల 50 వేల జంపులకు చనిపోయినవారు 10 మంది. సామాను అంత బాగుపడింది. అయితే, ఈ కాలంలో చనిపోయేవారిలో, కాళ్లు విరిగేవారిలో చాలామందికి గొడుగు చక్కగా తెరుచుకునే ఉంటుంది. నేలకు దగ్గరగా వచ్చి, వేగం కోసమో, అడ్డం వచ్చినదాన్ని తప్పించడానికో గట్టిగా మలుపు తిప్పుతారు. రెక్క కదా, మలుపులో ముక్కు కిందికి వేస్తుంది. సరిచేసుకోవడానికి ఎత్తు మిగలదు. ఇది కొత్తవాళ్ల కన్నా చేయి తిరిగినవాళ్ల జబ్బు. ఎందుకంటే చేయి తిరిగినకొద్దీ చిన్న గొడుగు కావాలనిపిస్తుంది, చిన్నదైతే వేగం ఎక్కువ.

మా వాడి లెక్క నేనే కాగితం మీద వేశాను. మనిషి 72 కిలోలు, సామాను 14, మొత్తం 86 కిలోలు, అంటే 190 పౌండ్లు. మొదట్లో 190 చదరపు అడుగుల గొడుగు, చదరపు అడుగుకు ఒక పౌండు. తర్వాత 170కి మారాడు, 1.12. నిరుడు మేం వెళ్లేసరికి 150ది బేరమాడి ఉంచాడు, 1.27 అవుతుంది. "రెండో గొడుగుకు రిగ్గర్ సంతకం పెడుతున్నాడు, విమానానికి పైలట్ లైసెన్సు ఉంది, ఈ 150కి ఎవరు సంతకం పెడతారు?" అని అడిగాను. "ఎవరూ పెట్టరు నాన్నా, మేమే" అన్నాడు. ఆ మాటతో ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. తల్లి మాత్రం "నలభై ఆరేళ్లొచ్చాయి, ఇంకా వేగమెందుకురా" అంది.

రెండు వారాల తర్వాత మేం చూస్తుండగానే వాడి పరిచయస్థుడొకాయన, రెండు వేల పైన జంపులు చేసినవాడు, పూర్తిగా తెరుచుకున్న గొడుగుతో కిందగా మలుపు తిరిగి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సు వచ్చి తీసుకెళ్లింది. మా వాడు ఇంటికొచ్చేదాకా కారులో ఏమీ మాట్లాడలేదు. 150ది కొనలేదు. గొడుగు నడపడం మీదే రెండు రోజుల శిక్షణ ఉంటుందట, ముందు దానికి డబ్బు కట్టాడు. ఈ రోజుకీ 170 మీదే ఉన్నాడు. వచ్చే ఏడు సంగతి నాకు తెలియదు. నేను అడగను, వాళ్లమ్మ అడుగుతుంది.

ఇవి పరదేశపు ముచ్చట్లే అనుకోకండి. మన దేశపు మొదటి మహిళా స్కైడైవర్ రేచల్ థామస్ గారు రైల్వే ఉద్యోగిని, మనలాంటి ఉద్యోగస్థురాలు. 1979లో ఆగ్రాలో మొదటి జంపు చేశారు, 2002లో ఉత్తర ధ్రువం మీద 7,000 అడుగుల నుంచి దూకారు, 2005లో పద్మశ్రీ వచ్చింది. శీతల్ మహాజన్ గారు 2018లో థాయ్‌లాండ్‌లో మహారాష్ట్ర తొమ్మిది గజాల చీర కట్టుకుని దూకారు. సోదరీమణులు గమనించాలి, కుచ్చిళ్లు చెదరకుండా బందోబస్తుగా బిగించి కట్టుకున్నారు.

మన వయసువాళ్లు దూకవచ్చా అని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. అమెరికా మాజీ అధ్యక్షుడు పెద్ద బుష్ గారు 90వ పుట్టినరోజుకు, 2014లో, దూకారు. శిక్షకుడి ఛాతీకి కట్టుకుని జంటగా దూకడం అది. దిగేటప్పుడు రెండు కాళ్లూ ముందుకు పైకి ఎత్తి ఉంచాలి, మోకాళ్లు, నడుము అందుకు ఒప్పుకోవాలి. గుండె జబ్బు, ఎముకల బలహీనత ఉన్నవారు డాక్టరుతో మాట్లాడాలి. పరదేశ ప్రయాణానికి తీసుకున్న బీమాలో ఇలాంటి సాహసాలకు మినహాయింపు ఉంటుంది, చిన్న అక్షరాలు చదువుకోవాలి. అక్కడ నలభై దాటిన జంపర్లకు 1966 నుంచి ఒక సంఘముంది. అరవై దాటినవారికి ఒకటి, డెబ్బై దాటినవారికి ఒకటి, ఎనభై దాటినవారికి మరొకటి. వాళ్ల సమావేశాల్లో బకాయిల గురించి మాట్లాడుకుంటారో లేదో కనుక్కోలేకపోయాను.

నేను దూకలేదు. ఆ ఫారం మాత్రం చదివాను. ఎన్నో పేజీలు, ప్రతి పేరాకూ పక్కన పొడి సంతకం, ఏం జరిగినా ఎవరినీ అడగనని రాసివ్వాలి. పెన్ను తీసేసరికి మా ఇంటావిడ నా చేతిలోంచి కళ్లజోడు లాక్కుంది. కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, ఇక సెలవు తీసుకుంటాను.