మన యెండకు తగిన పూలమొక్కలు

ఉదకమండలములో విరియబూసిన హైడ్రాంజియాను చూచి ముచ్చటపడి విజయవాడకు తెచ్చి నాటుదుము. రోహిణి యెండలకు అది మాడిపోవును. తప్పు మాలిది కాదు. ఉదకమండలము సముద్రమట్టమునకు 2,200 మీటర్ల ఎత్తున నున్నది. వేయి మీటర్లకు సుమారు 6 డిగ్రీల చొప్పున వేడిమి తగ్గును. కావున పూవు అందమునకు ముందు మన యెండను, నేలను చూచుకొనవలెను.

రాయలసీమ మెట్టలలో కాగితపుపూల తీగను పెంచుదము. వేరూనిన పిదప నీరు తగ్గించినచో పూత హెచ్చును. హైదరాబాదులో వానలు వెనుకబట్టిన పిదప, అక్టోబరులో గులాబీకొమ్మలు కత్తిరింతము. ఉప్పుగాలి వీచు తీరమున గన్నేరు నిలుచును. కాని దాని ఆకు, పూవు, కొమ్మ సర్వము విషమే. పసిపిల్లలు, పశువులు తిరుగు పెరటిలో దానిని మాని, గోడమరుగున మందారము నాటుదము. ఏటేట ఎండు మొక్కకు వెచ్చించుటకంటె, ఏళ్లతరబడి పూయు మొక్కనే కోరుకొందము.